డోలు పక్కన గొంతు

మా అమ్మ స్టీలు బీరువాలో, పట్టుచీరల అడుగున ఒక క్యాసెట్ ఉంది. నగలు బ్యాంకు లాకర్లో పెట్టుకోమ్మా అంటే సరేనంది గాని, ఆ క్యాసెట్‌ని మాత్రం ఇల్లు దాటనివ్వదు. దానిమీద మా బాపు చేతిరాతతో "పట్నాలు - 1989 - అమ్మ పాట" అని రాసి ఉంటుంది. బాపు రాసిన "అమ్మ" అంటే మా నాయనమ్మ.

ఆ ఏడు మా జనగామ ఇంట్లో మల్లన్న పట్నాలు వేయించారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. వాకిట్లో పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో ఒగ్గు పూజారులు పట్నం తీర్చి రాత్రంతా కథ చెప్పారు. డోలు వాయించినాయన్ని మేం పిల్లలమంతా "ఒగ్గు తాత" అనేవాళ్లం. తెల్లవారుజామున కథ ముగిశాక ఆయన మా నాయనమ్మ వైపు తిరిగి, "అవ్వా, ఇగ నువ్వో పాటందుకో" అన్నాడు. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఒక ఉయ్యాలపాట మొత్తం పాడింది. చిన్నాయన దుబాయి నుంచి తెచ్చిన టేప్ రికార్డరు అరుగుమీద ఉంది. బాపు ఎర్రమీట, దాని పక్కమీట కలిపి నొక్కాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

మర్నాడు వేసి చూస్తే ఏముంది? డోలు! డోలు తప్ప ఇంకేమీ లేదు. ఆ దరువుల సందుల్లోంచి, బావి అడుగునుంచి ఎవరో పిలుస్తున్నట్టు, ఒక సన్నని జీర. అంతే. ఆ తర్వాత రెండేళ్లకి నాయనమ్మ పోయింది. ఆవిడ గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

"పాపం, డోలు మింగేసింది" అనేది అమ్మ. నేనూ నలభయ్యేళ్లు వచ్చేదాకా అదే నమ్మాను. ఈ మధ్యనే, ఎందుకో, అసలు తప్పెవరిదో తేల్చుకోవాలనిపించింది. నవలల్లో ఇన్ని కాపురాల పంచాయితీలు తీర్చినదాన్ని, డోలుకీ గొంతుకీ మధ్య తగువు తీర్చలేనా అనుకున్నాను. తీరా దిగాక తెలిసింది, ఇది మా ఇంటి తగువు కాదు, నూటపాతికేళ్ల లోకం తగువని!

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో కూడా చెప్పాలి. ఆ పాట అత్తగారి దగ్గర నేర్చుకున్నది మా అమ్మ ఒక్కతే. ఆవిడకిప్పుడు డెబ్బయ్యారు. ఒగ్గు తాత కొడుకు డోలు వాయిస్తున్నాడు, ఆయనా అరవై దాటాడు. ఇంకో ఐదేళ్లు ఆగితే ఏం మిగులుతుందో నాకు తెలుసు, బీరువాలో ఇంకో ఉత్త క్యాసెట్. కాబట్టి ఇంట్లోనే, మన చేతికందే ఖర్చులో, ఈ పాట ఎలా పట్టుకోవడం? ఏ మైకు కొనాలి? ఇదీ నా సమస్య.

మా కుటుంబం పాత వరంగల్లు జిల్లా అంతటా పరుచుకుని ఉంది. పుట్టిల్లు జనగామ, అత్తిల్లు మహబూబాబాద్, మా అక్క కొడుకు సింగరేణి ఉద్యోగంతో భూపాలపల్లిలో. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయి మా ముగ్గురివీ మూడు జిల్లాలయ్యాయి గాని, పండక్కి పోగయ్యేది జనగామలోనే. ఈ మూడు చోట్లా దేనికీ కొదవున్నా డోళ్లకి మాత్రం లేదు. జనగామ వైపు ఒగ్గు డోలు, మహబూబాబాద్ తండాల్లో లంబాడీల నంగారా, భూపాలపల్లి దాటితే కోయ డోళ్లు.

ఆ దారిలోనే పాలంపేట రామప్ప గుడి ఉంది. ఇప్పుడు ములుగు జిల్లా అయిందిగాని, 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఆ రాతిమీద నర్తకులూ, పక్కన మద్దెలవాళ్లూ ఉన్నారు కదా, ఎప్పుడు వెళ్లినా నాకు వాళ్ల వేళ్లే చూడబుద్ధవుతుంది. చర్మంమీద వేలు పడబోయే క్షణాన్ని శిల్పి అలా పట్టేశాడు. ఎనిమిది వందలేళ్లుగా వాయిస్తూనే ఉన్నారు, చప్పుడు మాత్రం లేదు. గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దంలోనే "నృత్తరత్నావళి" రాసి ఆట గురించి వివరంగా చెప్పాడు. మా జనగామ జిల్లా పాలకుర్తి పేరు ఇంటిపేరుగా ఉన్న పాల్కురికి సోమనాథుడు తన కావ్యాల్లో వాద్యాల పేర్లెన్నో చెప్పాడు. బొమ్మ మిగిలింది, పేరు మిగిలింది, చప్పుడొక్కటే గాలిలో పోయింది.

మొన్నమొన్నటిదాకా అంతేగా! వరంగల్లు ప్రాంతంలోనే పుట్టిన బిరుదురాజు రామరాజుగారు 1950లలో తెలుగు జానపద గేయాలమీద పరిశోధన చేసి పెద్ద గ్రంథం రాశారు. ఆయనవంటి వాళ్ల పుణ్యమా అని పాట మాటలు కాగితానికెక్కాయి. కానీ పాడిన ఆడవాళ్ల గొంతులు కాగితానికెక్కవు కదా.

గొంతుని పట్టి, మళ్లీ మొదటిసారి వినిపించింది 1877లో, అమెరికాలో ఎడిసన్ ఫోనోగ్రాఫ్. ఆ తర్వాత యాభయ్యేళ్ల దాకా రికార్డింగు అంటే మైకే లేదు, తెలుసా! ఒక పెద్ద తగరపు గరాటా ఉండేది. దాని వెడల్పు మూతిలో తలపెట్టి పాడాలి. సన్నని చివర ఒక పల్చని పొర, దానికో సూది. గొంతు తోసిన గాలికే పొర కదిలి, సూది మైనంమీద గీత గీస్తుంది. కరెంటు అన్న మాటే లేదు. మనిషి ఊపిరే దానికి కరెంటు.

మనదేశానికి ఆ గరాటా 1902 నాటికే వచ్చింది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన ఆ నవంబరులో కలకత్తా హోటల్ గదిలో గౌహర్ జాన్ పాట రికార్డు చేశాడు. ఆవిడ పాట చివర "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని ఇంగ్లీషులో చెబుతుంది. అది గొప్పకి కాదు, జర్మనీలో హానోవర్ ఫ్యాక్టరీలో రికార్డు అచ్చేసేవాళ్లకి ఎవరి పాటో తెలియాలి కదా, అందుకు. సభలో గంటసేపు విస్తరించే పాటని మూడు నిమిషాలకి కుదించి, గరాటాలోకి పెద్దగా పాడి మెప్పించింది మహాతల్లి.

మరి ఉయ్యాలపాట? గరాటాకి వినపడనే పడదు. పసిపిల్ల నిద్రపోయేటంత మెల్లగా పాడితే సూది కదలదు. కదిలేటట్టు పాడితే పిల్ల నిద్ర లేస్తుంది! అంటే, గుక్క తిప్పుకోకుండా అరవగలిగినవాళ్లకే ఆ రోజుల్లో చరిత్రలో చోటు.

అలాగని డోలుకి పెద్దపీట వేశారా అంటే, అదీ లేదు. పెద్ద దరువు పడితే సూది గీత దాటి ఎగిరేది, ఒక మైనపు పలక దండగ! అందుకని అమెరికాలో జాజ్ మేళాలవాళ్లు రికార్డింగుకి వస్తే, పెద్ద డ్రమ్ములు పక్కన పెట్టించి కొయ్యముక్కలతోనూ గంటలతోనూ సరిపెట్టించేవాళ్లు. 1923లో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లో కింగ్ ఆలివర్ మేళం పాడించారు. అందులో బూర ఊదే కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. అతని బూర మరీ గట్టిగా ఉందని, మిగతావాళ్లకి పన్నెండు పదిహేను అడుగుల దూరంలో ఒక మూల నిలబెట్టారట. మేళంలో పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత్తర్వాత తలుచుకునేది, ఆ మూలన ఎంత దిగులుగా నిలబడ్డాడో అని. మర్నాటి ఏడాదే అతన్ని పెళ్లాడింది లెండి.

ఈ సంగతి నాకు భలే నచ్చింది. యంత్రం ఏమీ చెయ్యలేని రోజుల్లో కూడా మనిషి ఒక ఉపాయం కనిపెట్టాడు. గట్టివాణ్ణి వెనక్కి జరుపు, మెల్లవాణ్ణి ముందుకి తీసుకురా. దీనికి పైసా ఖర్చు లేదు. మా అరుగుమీద ఆ రాత్రి టేప్ రికార్డరు ఎక్కడుంది? ఒగ్గు తాతకి మూరెడు దూరంలో. నాయనమ్మ ఎక్కడుంది? గడప అవతల, తలుపు చాటున. ఆడవాళ్లు అక్కడేగా కూర్చునేది!

సరే, మైకు దగ్గరికి వద్దాం. టెలిఫోను కోసం పుట్టిందది. 1877, 78 సంవత్సరాల్లో ఎమిల్ బెర్లినర్, ఎడిసన్, డేవిడ్ హ్యూజ్ తలా ఒక రకంగా దానికోసం పనిచేశారు. "మైక్రోఫోన్" అన్న పేరుని వాడుకలోకి తెచ్చింది హ్యూజ్. 1916లో ఎడ్వర్డ్ వెంటె అనే ఇంజనీరు కండెన్సర్ మైకు తయారుచేశాడు. 1925 నుంచి గ్రామఫోను కంపెనీలు గరాటాని వదిలి మైకుతో రికార్డు చెయ్యడం మొదలుపెట్టాయి. అప్పుడు జరిగిందమ్మా అసలు విప్లవం! మైకు చిన్న చప్పుడుని కరెంటుగా మారుస్తుంది, ఆ కరెంటుని యంత్రం పెద్దది చేస్తుంది. ఇంక అరవక్కర్లేదు. చెవిలో చెప్పినట్టు పాడినా రికార్డవుతుంది. చెవిలో గుసగుసగా పాడేవాళ్లు ఆ తర్వాతే పెద్ద గాయకులయ్యారు. పెద్దలు కొందరు ఇదేం పాటని ముక్కుమీద వేలేసుకున్నారు కూడా. నన్నడిగితే, వంటింటి గొంతుకి, ఊయల పక్కన గొంతుకి లోకంలో చోటు దొరికింది 1925లోనే.

మనకి 1932లో "భక్త ప్రహ్లాద" వచ్చింది, మొదటి తెలుగు టాకీ. హెచ్.ఎం. రెడ్డిగారు తీశారు, లీలావతి సురభి కమలాబాయి. నాటకశాలలో ఆఖరి బెంచీదాకా మైకు లేకుండా వినిపించడం నేర్చిన గొంతు, మైకు ముందు తగ్గి పాడడం నేర్చుకోవాల్సి వచ్చింది.

కానీ ఆ మైకులకి ఒక పెద్ద అవలక్షణం ఉండేది. చాలావాటికి ముందూ వెనకా తేడా ఉండేది కాదు, నాలుగు దిక్కుల చప్పుళ్లూ పట్టేవి. 1939లో షూర్ కంపెనీలో బెంజమిన్ బావర్ అనే యువ ఇంజనీరు ఒక చిట్కా చేశాడు. వెనకనుంచి వచ్చే చప్పుడు మైకులోకి రెండు దారుల్లో వచ్చి, తనని తానే రద్దు చేసుకునేటట్టు సన్నని దారులు పెట్టాడు. దాంతో ఒకే చిన్న మైకు ముందున్నది బాగా, పక్కది సగం, వెనకది దాదాపు అసలు విననట్టు తయారైంది. అది వినే మేరని కాగితంమీద గీస్తే హృదయం ఆకారం వస్తుంది. "కార్డియాయిడ్" అన్న పేరు అందుకే. అంటే మైకుకి వీపు వచ్చింది. ఎవరివైపు వీపు తిప్పాలో మనమే నిర్ణయించుకోవచ్చు.

ఆ కంపెనీయే 1965లో ఎస్.ఎం.57, మరుసటేడు ఎస్.ఎం.58 తెచ్చింది. సభల్లో గాయకులు పట్టుకునే గుండ్రటి జాలీ తలకాయ మైకు బొమ్మ గీయమంటే మనం గీసేది ఆ రెండోదే. మొదటిది డ్రమ్ముల ముందూ ఉంటుంది, అమెరికా అధ్యక్షుడి ఉపన్యాస బల్లమీదా ఉంటుంది. ప్రపంచంలో ఎన్నో స్టూడియోల్లో వాడే సామాను అంటే లక్షలు పోయాలనుకుంటాం కదా, ఇవి రెండూ లక్షల సామాను కావు. అయినా నా లెక్కకి అవీ ఎక్కువే.

ఇంతకీ మా టేప్ రికార్డరులో ఉన్నదేమిటి? అదింకో కథ. 1962లో అమెరికా బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్ట్ అనే నల్లజాతి శాస్త్రవేత్త, గెర్హార్డ్ సెస్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త కలిసి ఎలెక్ట్రెట్ మైకు కనిపెట్టారు. కందిగింజంత చెయ్యొచ్చు, కారుచవక. మరుసటి సంవత్సరమే ఫిలిప్స్‌వాళ్లు క్యాసెట్ తెచ్చారు. ఈ రెండూ కలిసి, రికార్డింగు అన్నది స్టూడియో గుమ్మం దాటి మన అరుగుమీదికి వచ్చింది. క్యాసెట్ లేకపోతే మా బాపు రికార్డు చెయ్యగలిగేవాడా!

మరి తప్పెక్కడ జరిగింది? మైకులో కాదట. భూపాలపల్లి నుంచి మా అక్క కొడుకు వచ్చి ఆ క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించి విని చెప్పాడు. వాడు డ్యూటీ దిగాక స్నేహితులతో క్వార్టర్లోనే డప్పు వాయించి పాటలు రికార్డు చేసుకుంటాడు, అందుకని ఈ విద్య తెలుసు.

"చిన్నమ్మా, డోలు మింగలే. మిషినే తప్పు చేసింది. దాంట్లో ఆటోమేటిక్ అని ఒకటుంటది."

విషయమేమిటంటే, ఆ రోజుల్లో ఇంట్లో వాడే టేప్ రికార్డర్లలో చప్పుడు మోతాదు దానంతట అదే సర్దుకునే ఏర్పాటు ఉండేది. మనబోటివాళ్లకి మీటలు తిప్పే బాధ లేకుండా అన్నమాట. గట్టి చప్పుడు రాగానే అది మొత్తం మోతాదు తగ్గించేస్తుంది. మళ్లీ పెంచడానికి కాసేపు పడుతుంది. ఎవరో అరిచారని చెవులు మూసుకుని, అరుపు ఆగినా కాసేపటిదాకా చేతులు తియ్యని మనిషి లాంటిది. ఒక దరువు పడింది, చెవులు మూసుకుంది. తీద్దామనుకునేలోపు ఇంకో దరువు. ఆ చెవులు మూసుకున్న సమయమంతా మా నాయనమ్మ పాడుతూనే ఉంది.

ఇప్పుడు మన చేతుల్లోని సెల్‌ఫోన్లు కూడా మామూలుగా ఈ పనే చేస్తాయి. పిల్లల డాన్సు వీడియోల్లో డప్పు పడగానే పాట ములిగిపోవడం గమనించే ఉంటారు.

తప్పు తెలిసింది గనక, ఇంక కొనడం. ముందు నేను ఒంటరిగా, ఎవర్నీ అడక్కుండా, ఒక మైకు తెప్పించాను. కండెన్సర్ రకం, స్టూడియోల్లో వాడతారు, ఎంతో సున్నితం అని ఉంది. చవగ్గానే వచ్చింది. మహబూబాబాద్ ఇంట్లో పెట్టి నేనే నాలుగు ముక్కలు చదివి విన్నాను. నా గొంతు బ్రహ్మాండం! దానితోబాటు ఫ్యాను, వెనకింటి కుక్కరు విజిలు, కాకి, స్టేషన్లో రైలు అనౌన్సుమెంటు, మా వారి తుమ్ము, అన్నీ బ్రహ్మాండం!

మావాడు నవ్వాడు. "గది మంచిగుంటే గదే మంచిది చిన్నమ్మా. మనిండ్లల్ల డైనమిక్ గావాలె."

తేడా నాకర్థమైనట్టు చెప్తాను. కండెన్సర్‌లో లోహపు పూతపూసిన అతి పల్చని పొర ఉంటుంది, దానికి బయటనుంచి కరెంటు కావాలి, చీమ చిటుక్కుమన్నా కదులుతుంది. అది కొత్తకోడలి చెవి, వంటింట్లో ఉండి వీధరుగుమీద మాటలు కూడా వింటుంది. డైనమిక్‌లో అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికతికిన కాస్త బరువైన పొర. 1931 నుంచీ బజారులో ఉంది. అది మామగారి చెవి, దగ్గరికెళ్లి చెప్పిందే వింటుంది. డోలు ఎంత మోగినా బెదరదు, కింద పడేసినా చప్పున పాడవదు. స్టూడియోవాళ్లు గోడలకి లక్షలు పోసి బయటి చప్పుడు ఆపుతారు. మనం ఆ పని మామగారికి అప్పజెప్పడమే!

అలా రెండు డైనమిక్ మైకులు కొన్నాం. మన దేశంలో 1940 నుంచీ మైకుసెట్లు చేస్తున్న అహూజావాళ్లవే, పెళ్లిళ్లకీ సభలకీ వాడేవి. రెండూ కలిపి ఒక ఓ మాదిరి గద్వాల చీర ఖరీదు కూడా కాలేదు. కొనేటప్పుడు మావాడు చూసినవి నేను మీకోసం రాసిపెట్టుకున్నాను. కార్డియాయిడ్ రకమేనా అన్నది మొదటిది. వైరు మూడు పిన్నులదై ఉండాలి, ఒక పిన్నుదైతే కరెంటు గుయ్యిమనే చప్పుడు తొందరగా పడుతుంది. పేరున్న మైకులకి నకిలీలు ఎక్కువ కనక బిల్లిచ్చే కొట్లోనే కొనాలి. మైకుమీద పొదుపు చేసినా స్టాండుమీద చెయ్యకూడదు, చేత్తో పట్టుకుంటే ఆ పట్టు కదిలిన చప్పుడంతా పడుతుంది. రెండు మైకుల్నీ వేరువేరుగా కంప్యూటర్‌కి అందించే చిన్న డబ్బా వాడి దగ్గరే ఉంది. వేరువేరుగా పడితే తర్వాత తీరిగ్గా డోలు తగ్గించుకోవచ్చు, గొంతు పెంచుకోవచ్చు. చెవులు మూసుకునే ఆటోమేటిక్ పెద్దమనిషి దాంట్లో లేడు.

ఇంట్లో రికార్డింగు అంటే చిన్నచూపు చూడకండి. అమెరికాలో లెస్ పాల్, మేరీ ఫోర్డ్ అని ఆలుమగలు, 1951లో లోకమంతా విన్న "హౌ హై ద మూన్" పాటని ఇంట్లోనే, ఒకదానిమీద ఒకటి పొరలు పొరలుగా రికార్డు చేశారు. మేరీ ఫోర్డ్ మైకుకి బాగా దగ్గరగా నిలబడి మెల్లగా పాడేది. ఆ పాట వింటే మన భుజంమీద తలపెట్టి పాడినట్టుంటుంది.

జనగామలో నడిమింటి గదిని స్టూడియో చేశాం. కిటికీలకి బొంతలు కట్టాం, మంచాలమీద పరుపులు గోడకి ఆనించాం. ఖాళీ గదిలో గొంతు గోడలకి కొట్టుకుని వెనక్కొస్తుంది, బొంతలు దాన్ని పీల్చేస్తాయి. ఫ్యాను ఆపాం, ఫ్రిజ్ ఆపాం. మా ఇంటికి రైలు కూత వినబడుతుంది కనక కాజీపేట వైపు వెళ్లే బళ్ల టైములు కాగితంమీద రాసుకున్నాం.

అమ్మని పీటమీద కూర్చోబెట్టాం. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి వారగా. తిన్నగా పెడితే పకారానికీ భకారానికీ ఊపిరి మైకుకి కొట్టి బుస్సుమంటుంది. దానికో తెర అమ్ముతారట. నేను ఎంబ్రాయిడరీ చట్రానికి పాత నైలాన్ చున్నీ బిగించి అడ్డం పెట్టాను. మావాడు "వారెవ్వా చిన్నమ్మా" అన్నాడు. ఈ మొత్తం చరిత్రలో నా వంతు సాయం అదే!

డోలు అన్నని అమ్మకి ఎదురుగా, ఎనిమిదడుగుల అవతల కూర్చోబెట్టాం. అంటే అమ్మ మైకు వీపు సరిగ్గా డోలు వైపు. డోలుకి రెండో మైకు, పుల్ల పడే వైపు మూరెడు ఎత్తున, వారగా. ఒక మైకు తన మనిషికి ఎంత దూరమో, రెండో మైకు దానికి కనీసం మూడింతల దూరంలో ఉండాలన్నది రికార్డింగు వాళ్ల లెక్క.

ఇదంతా చూసి డోలు అన్న నవ్వుతున్నాడు. "గింత లెక్కెందుకు చెల్లె? మాట లేస్తె డోలు వంగాలె. మా నాయిన నాకు మొదలు నేర్పింది గదే."

నిజమే కదా! ఒగ్గుకథలో ప్రధాన కథకుడు కథ నడిపేటప్పుడు గమనించండి. మాట వచ్చినప్పుడు డోలు మీద చెయ్యి ఊరికే తడుముతుంది, మాట ఆగగానే ఎగిరి అందుకుంటుంది. జనగామ దగ్గర మాణిక్యపురం చుక్క సత్తయ్యగారు, 2004 సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందినాయన, 2017లో కన్నుమూసేదాకా ఒగ్గుకథకి పెద్దదిక్కు. ఆయన కథ విన్నవాళ్లకి ఈ ఎగుడుదిగుళ్లు ఇప్పటికీ చెవుల్లో ఉంటాయి. మైకు ముఖం చూడని తరాలకే ఈ సర్దుబాటు తెలుసు. ఆ రాత్రి ఒగ్గు తాత కూడా నాయనమ్మ పాటకి డోలు వంచే వాయించాడు. ఆయన వంచింది మనుషుల చెవులకి. మూరెడు దూరంలో ఉన్న యంత్రానికి కాదు.

"నా గొంతెవలింటరు బిడ్డా" అని అమ్మ ముందు సిగ్గుపడింది. రెండుసార్లు మధ్యలో ఆపేసింది. మూడోసారి రైలు వెళ్లిపోయాక, డోలు అన్న కళ్లలోకి చూస్తూ, ఆపకుండా పాడింది. ఆరు నిమిషాలు. ప్రతి మాటా, మాటకీ మాటకీ మధ్య ఊపిరీ, ముక్కుపుడక చట్రానికి తగిలిన చప్పుడూ, అన్నీ పడ్డాయి. వెనకాల డోలు వానకి ముందు ఉరుములా, ఉండీ లేనట్టు ఉంది.

విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "మా అత్తమ్మ గూడ గిట్లనే సాగదీసేది" అంది చివరికి.

మీ ఇంట్లో ఇలాంటి గొంతుంటే మైకులు కొనేదాకా కూడా ఆగకండి. సెల్‌ఫోను పాడేవాళ్లకి మూరెడు దూరంలో పెట్టి, వాయించేవాళ్లని గది అవతలి చివరికి పంపి, ఫ్యాను ఆపండి. సగం పని అయిపోతుంది. మైకు మిగతా సగమే.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. ఆ రాత్రి భోజనాలయ్యాక మావాడు, "అమ్మమ్మా, పాత క్యాసెట్ కొస ఎన్నడన్న ఇన్నరా?" అన్నాడు. ఎవరు విన్నాం! డోలు మోత భరించలేక సగంలోనే ఆపేసేవాళ్లం. వాడు చివరి అరనిమిషం వేశాడు. డోలు ఆగింది. కాసేపు ఏమీ లేదు. ఆ యంత్రం మెల్లగా చెవులమీంచి చేతులు తీస్తున్నట్టు, గాలి చప్పుడు, కీచురాళ్ల చప్పుడు ఒక్కొక్కటీ పైకి తేలాయి. అప్పుడు, గడప అవతలనుంచి, మన పక్కనే కూర్చుని అన్నంత స్పష్టంగా, మా నాయనమ్మ:

"పొయ్యి మీద పాలు పెట్టిన, ఎవలన్న సూడుర్రే."

పాటంతా మింగిన యంత్రమే ఆ ఒక్క మాటని దాచిపెట్టింది. నేనూ మావాడూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నాం.

డెబ్బయ్యారేళ్ల మా అమ్మ మాత్రం, "ఆఁ, వస్తున్న అత్తమ్మా" అనుకుంటూ, మోకాళ్లమీద చేతులాన్చి వంటింటి వైపు లేవబోయింది.